పాత ల్యాప్‌టాప్‌తో ఇంట్లోనే సర్వర్: పిల్లలకు ప్రయోగం, పెద్దలకు జాగ్రత్తలు



పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున "సర్వర్ డౌన్" అన్న మాట ఇంటింటా వినిపిస్తుంది. సర్వర్ అంటే ఏమిటని మీ పిల్లలు అడిగితే హోటల్‌ను గుర్తు చేయండి. మనం అడిగిన ఇడ్లీ, దోసె తెచ్చిపెట్టే అతన్ని సర్వర్ అనే అంటాం కదా! కంప్యూటర్ సర్వర్ పనీ అదే. ఫోన్, టీవీ లేదా మరో కంప్యూటర్ అడిగిన పేజీని, ఫోటోను, వీడియోను తెచ్చి అందిస్తుంది. దానికి ఏసీ గది అక్కర్లేదు. అల్మారాలో మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ కూడా ఇంటి సర్వర్ కాగలదు.

కంప్యూటర్ మీద ఆసక్తి ఉన్న హైస్కూలు పిల్లలకు ఇది మంచి సెలవుల పని. అయితే పెద్దలు ముందే ఒక నియమం పెట్టాలి. ప్రయోగాలు చేసే కంప్యూటర్‌లో, ఇంకెక్కడా కాపీ లేని ఫైలు ఒక్కటి కూడా ఉండకూడదు.

ఏ కంప్యూటర్ సరిపోతుంది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు సరిపడని ల్యాప్‌టాప్‌లు ఎన్నో ఇళ్లలో పక్కకు చేరాయి. వాటిలో 4 జీబీ ర్యామ్ ఉన్నది చిన్న సర్వర్‌కు సరిపోతుంది. విండోస్ బదులు లినక్స్ వేసుకోవాలి. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినదే లినక్స్. అందులో ఉబుంటు, డెబియన్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. వేసే ముందు పాత ఫైళ్లను వేరే చోట కాపీ చేసుకోండి, ఎందుకంటే డిస్కు మొత్తం చెరిగిపోతుంది.

పాత ల్యాప్‌టాప్ లేకపోతే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొనుక్కోవచ్చు. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనే ఉద్దేశంతో 2012లో బ్రిటన్‌లో దాన్ని విడుదల చేశారు.

కరెంటు లెక్క పిల్లలతోనే వేయించండి. ల్యాప్‌టాప్ సగటున 15 వాట్లు వాడుతుందనుకుంటే రోజుకు 0.36 యూనిట్లు, నెలకు దాదాపు 11 యూనిట్లు అవుతాయి. మీ బిల్లులోని స్లాబు చూసి ఎంత ఖర్చో వాళ్లనే చెప్పమనండి.

ఏమేం ప్రయత్నించవచ్చు?

మొదటిది, ఇంటి గ్రంథాలయం. కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వికీపీడియాను ముందే దించుకుని సర్వర్‌లో ఉంచవచ్చు. నెట్ ఆగిపోయినా ఇంటి వైఫై ఉంటే చాలు, ప్రతి ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా ఇలా దొరుకుతుంది. దీనితో మొదలుపెట్టడమే మేలు. ఇది చెడిపోయినా మళ్లీ దించుకోవచ్చు, ఎవరికీ నష్టం లేదు.

రెండోది, ప్రకటనలకు అడ్డుకట్ట. పై-హోల్ అనే ప్రోగ్రామ్ ఇంట్లోని పరికరాలు ప్రకటనల చిరునామాలను అడిగినప్పుడు వాటిని ఆపేస్తుంది. యూట్యూబ్ వీడియోల మధ్య వచ్చే ప్రకటనలను మాత్రం ఇది ఆపలేదు. ఎవరూ చూడనప్పుడు కూడా స్మార్ట్ టీవీ ఎన్నిసార్లు బయటికి కబురు పంపుతుందో పిల్లలు కళ్లారా చూస్తారు. ఇక్కడ ఒక మాట. ఇంట్లో ఏ ఫోన్ నుంచి ఏ సైటుకు వెళ్లారో కూడా అందులో కనిపిస్తుంది. చూడగలిగే వీలున్నా అక్క ఫోన్ సంగతి, నాన్న ఫోన్ సంగతి చూడకపోవడమే మర్యాద అని ముందే మాట్లాడుకోండి. ఆ మర్యాద పెద్దలకూ వర్తిస్తుంది.

మూడోది, ఫోటోలు. ఇమ్మిచ్ అనే ప్రోగ్రామ్ ఫోన్లలోని ఫోటోలను ఇంటి సర్వర్‌కు చేరుస్తుంది. దీనికి 8 జీబీ ర్యామ్ ఉంటే మంచిది. పై రెండూ కొన్ని నెలలు సాఫీగా నడిచాకే దీని జోలికి వెళ్లండి.

పిల్లలు నేర్చుకునేది ఏమిటి?

"పని చేయడం లేదు" అన్నచోట ఆగకుండా, ఎక్కడ ఆగిందో వెతకడం నేర్చుకుంటారు. కరెంటు ఉందా? వైఫై అందుతోందా? సర్వర్ చిరునామా మారిందా? ప్రోగ్రామ్ నడుస్తోందా? ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే కారణం బయటపడుతుంది. ఏ రోజు ఏం మార్చారో ఒక నోటుబుక్కులో రాయించండి. సైన్స్ రికార్డు రాసే అలవాటే ఇక్కడా పనికొస్తుంది.

ఆ ఒక్క నియమం ఎందుకు?

కొత్తది నేర్చుకునేటప్పుడు చెడగొట్టడం సహజం. ఒక్క తప్పు ఆదేశంతో డిస్కు మొత్తం ఖాళీ అవుతుంది. వికీపీడియా పోతే మళ్లీ వస్తుంది. తాతయ్య చివరి పుట్టినరోజు వీడియో పోతే మళ్లీ రాదు. అలా పోతే, ఆ బిడ్డ మళ్లీ కీబోర్డు ముట్టుకోవడానికి కూడా భయపడవచ్చు.

అందుకే 3-2-1 పద్ధతి పాటించండి. ముఖ్యమైనవాటికి 3 కాపీలు, 2 రకాల సాధనాల్లో, అందులో 1 ఇంటి బయట ఉండాలి. ఫోన్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో గానీ అమ్మమ్మగారింట్లో గానీ ఇంకొకటి. ఆ తర్వాతే సర్వర్‌లో పెట్టేది. నెలకోసారి ఆ హార్డ్ డిస్కు తెరిచి నాలుగు ఫోటోలు చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

తల్లిదండ్రులు చూసుకోవలసినవి

• రౌటర్‌లో పోర్టులు తెరిచి సర్వర్‌ను బయటి ఇంటర్నెట్‌కు కలపనివ్వకండి. ఇంటి వైఫై వరకే ఉండాలి.
• రౌటర్‌కు, సర్వర్‌కు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డులు వెంటనే మార్పించండి. వారానికోసారి అప్‌డేట్లు చేయించండి.
• ఆధార్, బ్యాంకు కాగితాలు ఈ కంప్యూటర్‌లో పెట్టకండి.
• పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి ఉంటే వాడకండి, ముందు మెకానిక్‌తో తీయించండి. గాలి ఆడే చోట, పరుపులకు, కర్టెన్లకు దూరంగా ఉంచండి.
• పై-హోల్ నడిచే సర్వర్‌ను ఆపితే ఇంట్లో అందరికీ నెట్ ఆగిపోవచ్చు. ఆపే ముందు ఇంట్లో చెప్పమనండి. ఆన్‌లైన్ క్లాసులు, ఆఫీసు మీటింగులు ఉన్న వేళ ప్రయోగాలు వద్దు.
• ఆదివారం రెండు గంటలు చాలు. 10వ తరగతి పిల్లలైతే పబ్లిక్ పరీక్షలు అయ్యాకే మొదలుపెట్టమనండి.

ఈ ఆదివారం పాత ల్యాప్‌టాప్ బయటికి తీసి, అందులోని ఫోటోలను మీ పిల్లలతో కలిసి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. సర్వర్ పనిలో మొదటి మెట్టు అదే. రెండో మెట్టు ఎక్కకపోయినా మీ ఫోటోలు మాత్రం భద్రంగా ఉంటాయి.