టొరంటో బేస్‌మెంట్‌లోకి మురుగు నీళ్లు: వాల్వ్ బిగిస్తే సిటీ ఎంత ఇస్తుంది?

హైదరాబాద్, వరంగల్, గుంటూరు నుంచి చదువుకోవడానికి టొరంటో వెళ్లిన పిల్లలు చాలామంది మొదట దిగేది బేస్‌మెంట్‌లోనే. అక్కడ సొంతిల్లు కొనుక్కున్న కుటుంబాలు కూడా నెలవారీ వాయిదా బరువు తగ్గుతుందని కింది భాగం అద్దెకిస్తుంటాయి. అందుకే టొరంటోలో కుండపోత వాన అనగానే ఇక్కడి అమ్మానాన్నలు ముందు అడిగే మాట, "కిందికి నీళ్లొచ్చాయా?" అని.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2013 జూలై 8న పియర్సన్ ఎయిర్‌పోర్టు దగ్గర 126 మిల్లీమీటర్ల వాన పడింది. 2024 జూలై 16న దాదాపు 98 మిల్లీమీటర్లు పడింది. రెండుసార్లూ రోడ్లు మునిగాయి, కరెంటు పోయింది, బేస్‌మెంట్లలోకి నీళ్లొచ్చాయి. అన్నిళ్లలోనూ అవి గుమ్మం దాటి వచ్చిన నీళ్లు కావు. చాలా ఇళ్లలో నేలలోని మోరీ నుంచి పైకి పొంగాయి.

అలా ఎందుకు పొంగుతాయంటే, టొరంటో పాత పేటల్లో వాన నీరు, మురుగు నీరు ఒకే పైపులో పోతాయి. వేరు వేరు పైపులున్న చోట కూడా ఇళ్ల పునాదుల చుట్టూ నీటిని లాగే గొట్టాలు, అంటే అక్కడివాళ్లు వీపింగ్ టైల్ అనేవి, మురుగు పైపుకే కలిపి ఉంటాయి చాలాచోట్ల. గట్టి వాన పడితే వీధిలోని పెద్ద పైపు నిండిపోతుంది. నిండిన పైపులోని నీళ్లు వెనక్కి తన్ని దారి వెతుక్కుంటాయి. ఇంట్లో అన్నిటికన్నా కింద ఉన్న దారి బేస్‌మెంట్ ఫ్లోర్ డ్రెయిన్. వచ్చేది ఒట్టి వాన నీరైతే తుడుచుకోవచ్చు. కానీ అది పది ఇళ్ల మురుగు. పరుపు, కార్పెట్, పుస్తకాలు, గోడ అడుగు భాగం అన్నీ తీసి పారేయాల్సిందే.

దీనికి మందు బ్యాక్‌వాటర్ వాల్వ్. ఇంటి మురుగు పైపులో, నేల కింద బిగిస్తారు. మామూలు రోజుల్లో ఇంట్లోని నీరు బయటికి పోనిస్తుంది. వీధి వైపు నుంచి నీళ్లు తన్నితే లోపలి రెక్క లేచి దారి మూసేస్తుంది. దీని కోసం బేస్‌మెంట్ కాంక్రీటు పగలగొట్టాలి, బిల్డింగ్ పర్మిట్ తీసుకోవాలి. పని చిన్నది కాదు.

ఇక్కడే టొరంటో సిటీ సబ్సిడీ ఉపయోగపడుతుంది. ఇది లోను కాదు, వడ్డీ లేదు, తిరిగి కట్టేది లేదు. వడ్డీ పేరు వింటేనే వెనకాడే మన ఇళ్లలో ఈ మాట ముందే తెలియడం మంచిది. పథకం చాలా ఏళ్లుగా నడిచిన లెక్క ఇది: అయిన ఖర్చులో 80 శాతం, వాల్వ్‌కి 1,250 డాలర్లు మించకుండా, సంప్ పంప్‌కి 1,750 మించకుండా, పునాది గొట్టాన్ని మురుగు పైపు నుంచి కోసి మూత వేయడానికి 400 మించకుండా. మొత్తం ఒక ఇంటికి 3,400 డాలర్లు. ఈ పరిమితులను సిటీ సవరిస్తుంటుంది కాబట్టి పని మొదలుపెట్టే ముందు 311కి ఫోన్ చేసి ఆ రోజు లెక్క అడగాలి.

80 శాతం అని చూసి మురిసిపోకూడదు. వాల్వ్ బిల్లు 1,400 డాలర్లయితే 1,120 వస్తాయి, చేతి నుంచి పోయేది 280. అదే బిల్లు 2,500 అయితే 80 శాతం లెక్కన 2,000 రావాలి, కానీ పరిమితి 1,250 దగ్గర ఆగిపోతుంది. అంటే సగం ఇంటాయనే పెట్టుకోవాలి. పైగా డబ్బు ముందు మనమే కట్టాలి, సిటీ తర్వాత ఇస్తుంది. చేతిలో ఆ మొత్తం సర్దుకున్నాకే కాంట్రాక్టర్‌ని పిలవడం మేలు.

దరఖాస్తు పని పూర్తయిన ఏడాదిలోపు చేరాలి. పెట్టాల్సింది ఇంటి యజమాని, అద్దెకున్నవాళ్లు కాదు. కాంట్రాక్టర్‌కి టొరంటో సిటీ లైసెన్సు ఉండాలి, పని పద్దు విడివిడిగా రాసిన బిల్లు ఉండాలి, పైకప్పు నుంచి దిగే వాన గొట్టాలు మురుగు పైపులోకి కలిపి ఉండకూడదు. తెలిసినాయన ప్లంబరే కదా, నగదు ఇస్తే తక్కువకు చేస్తాడు అనుకునేవాళ్లు మనలో తక్కువేం లేరు. బిల్లు లేకుండా తగ్గించుకున్న ఆ రెండు మూడు వందల కోసం వెయ్యికి పైగా సబ్సిడీ పోగొట్టుకున్నట్టే. టొరంటో బయట ఉన్నవాళ్లు తమ ఊరి మున్సిపాలిటీని అడగాలి. విండ్సర్‌లోనూ, ఎడ్మంటన్‌లోనూ ఇలాంటి పథకాలున్నాయి, లెక్కలు మాత్రం వేరు.

వాల్వ్ పెట్టించాక కూడా ఒక సంగతి తప్పక తెలియాలి, చాలామంది మరిచేది ఇదే. వాన జోరులో వాల్వ్ మూసుకుందంటే ఇంట్లోని నీరు కూడా బయటికి పోదు. అప్పుడు పైఅంతస్తులో ఎవరైనా ఫ్లష్ చేసినా, స్నానం చేసినా, వజూ నీళ్లు వదిలినా, వాషింగ్ మెషిన్ వేసినా ఆ నీళ్లు కింద అద్దెకున్న పిల్లవాడి గదిలోనే తేలతాయి. వీధి మురుగు రాకుండా ఆపి, మన మురుగే కిందికి పంపినట్టవుతుంది. అందుకే వాన తగ్గేదాకా నీళ్ల వాడకం ఆపాలని పైవాళ్లకూ కిందివాళ్లకూ ముందే చెప్పి ఉంచాలి. బాత్రూమ్ తలుపు మీద చీటీ అతికించినా తప్పులేదు.

పునాది గొట్టం మురుగు పైపుకే కలిపి ఉంటే ఇంకో చిక్కు. వాల్వ్ మూసుకోగానే పునాది చుట్టూ చేరిన నీటికీ దారి ఉండదు, అదీ బేస్‌మెంట్‌లోకే వస్తుంది. ఆ గొట్టాన్ని కోసి సంప్ పంప్‌తో పెరట్లోకి తోడిస్తేనే పని పూర్తయినట్టు. పంప్ నడిచేది కరెంటు మీద, గట్టి వానల్లో ముందు పోయేది కరెంటే. బ్యాటరీ బ్యాకప్ లేని పంప్‌ని నమ్ముకోవడం కష్టం.

ఇన్సూరెన్స్ ఉందిగా అని ధీమాగా ఉండేవాళ్లు పాలసీ కాగితం ఒకసారి తీసి చూడాలి. కెనడాలో డ్రైనేజీ పొంగిన నష్టం సాధారణంగా మామూలు ఇంటి పాలసీలో ఉండదు, అదనంగా చేర్చుకోవాలి. యజమాని పాలసీ అద్దెకున్నవాళ్ల లాప్‌టాప్‌కీ, సర్టిఫికెట్లకీ వర్తించదు. వాళ్లు టెనెంట్ ఇన్సూరెన్స్ వేరుగా తీసుకుని, అందులో మురుగు పొంగే నష్టం ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. పాస్‌పోర్టు, ఒరిజినల్ సర్టిఫికెట్లు మంచం కింద సూట్‌కేస్‌లో కాకుండా పైఅరలో పెట్టుకోమని ఇక్కడి నుంచే ఒక ఫోన్ చేసి చెప్పొచ్చు.

వాల్వ్ ఉన్న ఇంట్లో అద్దెకు దిగుతుంటే దాని మూత ఎక్కడుందో యజమానిని అడగాలి. ఏడాదికి ఒకట్రెండు సార్లయినా మూత తీసి, రెక్కకు వెంట్రుకలు, జిడ్డు, బట్టపీలికలు పట్టాయేమో చూసి శుభ్రం చేయాలి. చెత్త అడ్డుపడితే రెక్క పూర్తిగా మూసుకోదు. కొన్ని ఇళ్లలో కొత్త ఫ్లోరింగ్ వేసినప్పుడు ఆ మూత మీదే పలకలు పరిచేస్తారు. అలా చేసి ఉంటే, వానాకాలం రాకముందే ఆ పలక లేపించుకోవాలి.