పిల్లలలో వదలని జ్వరము

చరక సంహితలో నిదానస్థానము జ్వరముతోనే ఆరంభమగును. ముందు నిదానము, పిదప చికిత్స. ఈ వరుస తప్పినచో కలుగు అనర్థము పసిపిల్లలలో మిక్కిలిగా కనిపించును.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కార్మిక కుటుంబములలో ఒక వాడుక కలదు. బిడ్డకు ఒళ్ళు కాలగానే తులసి, మిరియాల కషాయము పోయుదురు. తగ్గకున్న మందుల షాపులో అడిగి రెండు రోజుల యాంటీబయాటిక్ మాత్రలు తెత్తురు. పిదప మరొక డాక్టరు, మరొక రంగు మాత్ర. ఆసుపత్రికి పోయినచో ఆ దినపు కూలి పోవును గనుక వారిని నిందింపజాలము. కాని పది దినముల తరువాత జ్వరము అట్లే యుండి, దాని కారణము మాత్రము మరుగున పడును. అరకొరగా వేసిన మందు క్రిమిని పూర్తిగా చంపదు. రక్తపు కల్చరు పరీక్షలో మాత్రము అది దొరకకుండ చేయగలదు.

ఈ ప్రాంతపు వారు యాంటీబయాటిక్‌లను గూర్చి మరింత జాగ్రత్త వహింపవలెను. స్వీడన్ శాస్త్రజ్ఞుడు జోకిమ్ లార్సన్ బృందము పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రము నుండి వెలువడు నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో ప్రకటించెను. సుమారు 90 మందుల కర్మాగారముల వ్యర్థజలము అప్పుడు ఆ కేంద్రమునకు చేరుచుండెను. అంత మందులో బ్రతుకనేర్చిన క్రిములను ఆ మందు ఏమి చేయగలదు? మీ బిడ్డ జ్వరమునకు ఆ నీరే కారణమని నేననుట లేదు. కాని మన దేశమున టైఫాయిడ్ క్రిమి ఈ జాతి మందులకు చాలవరకు లొంగుట మానినది. ఏ మందునకు లొంగునో కల్చరు వలననే తెలియును. బిడ్డ ప్రాణాపాయ స్థితిలో లేనంతవరకు, రక్తము తీసిన పిదపనే యాంటీబయాటిక్ మొదలిడుట మేలు.

మన ప్రాచీనులు జ్వరము వచ్చిపోవు వేళలను శ్రద్ధగా గమనించిరి. దినమునకు రెండు మార్లు వచ్చునది సతతకము, ఒక మారు వచ్చునది అన్యేద్యుష్కము, దినము విడిచి దినము వచ్చునది తృతీయకము, రెండు దినములు విడిచి వచ్చునది చతుర్థకము. (మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ దోమ కడుపులో చూచినది 1897లో, మన సికింద్రాబాదులోనే.) 21 దినములు దాటినది జీర్ణజ్వరము. అమెరికా వైద్యులు పీటర్స్‌డార్ఫ్, బీసన్ 1961లో కారణము తెలియని జ్వరమునకు పెట్టిన గడువు కూడ మూడు వారములే! అయితే బిడ్డ విషయమున అంత కాలము వేచియుండరాదు. ఐదు దినములు దాటినచో రక్తము, మూత్రము, మలేరియా పరీక్షలు చేయించవలెను.

ఇంటిలో తల్లి చేయదగిన పని ఒకటి కలదు. దినమునకు నాలుగు మార్లు థర్మామీటరు పెట్టి వేళ, డిగ్రీలు, ఇచ్చిన మందు ఒక కాగితముపై వ్రాయవలెను. బిడ్డ బట్టలు విప్పి చంకలు, గజ్జలు, చెవుల వెనుక చూడుడు. నల్లని పొక్కు కనిపించినచో అది స్క్రబ్ టైఫస్ కావచ్చును. కన్నులు, పెదవులు, నాలుక ఎర్రబారి ఐదు దినములుగా జ్వరమున్నచో కవాసాకి వ్యాధిని అనుమానింపవలెను. పది దినములలోపు చికిత్స అందకున్న గుండె రక్తనాళములు ఉబ్బు ప్రమాదము హెచ్చును. ఇంటిలో ఎవరికైన వారముల తరబడి దగ్గున్నచో ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పవలెను. బిడ్డ జ్వరము క్షయ వలన కావచ్చును.

జ్వరమునకు లంఘనమన్న మాట విని పిల్లలను పస్తు పెట్టుదురు. బాలురకు లంఘనము తగదని శాస్త్రమే చెప్పినది. పలుచని గంజి, పెసరకట్టు, కాచి చల్లార్చిన నీరు ఇవ్వవలెను. చనుబాలు ఆపరాదు. పాదరసము కలిసిన రసౌషధములను ఎవరో చెప్పిరని కొని వేయరాదు. తిప్పతీగ కషాయమైనను కారణము తెలియక ముందు నేనివ్వను.

మూడు నెలలలోపు శిశువునకు 100.4 డిగ్రీలు దాటినను, ఏ వయసు బిడ్డకైనను ఫిట్స్, ఆయాసము, మెడ బిగియుట, మగత, మూత్రము తగ్గుట, ఒంటిపై ఊదారంగు మచ్చలు కనిపించినను, ఆ క్షణముననే సంగారెడ్డి ప్రభుత్వాసుపత్రికో హైదరాబాదు నిలోఫర్‌కో తీసికొని పోవలెను. వ్రాసిన కాగితమును, వాడిన మందుల ఖాళీ అట్టలను వెంట ఉంచుకొనుడు.