చక్రాల్లేని బండి

పాకాల అనగానే తిరుపతి, చిత్తూరు వాళ్లకు రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. అదే పేరున్న ఊరు నిజామాబాద్ జిల్లాలోనూ ఉంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణది ఆ పాకాలే.

ఎవరెస్ట్ దారిలో సామాను మోయడానికి జడల బర్రెలు, షెర్పాలు ఉంటారు. 2022 జూన్‌లో పూర్ణ ఎక్కిన అలాస్కాలోని దెనాలి (6,190 మీటర్లు) మీద ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఎవరి బరువు వాళ్లే లాక్కోవాలి. అందుకే వీపున ఒక బ్యాగు, వెనకాల స్లెడ్జి అనే చక్రాల్లేని బండి. తాడు నడుముకి కట్టుకుని గుడారం, తిండి, ఇంధనం దాని మీద లాగుతారు.

మెత్తని మంచులో చక్రం కూరుకుపోతుంది. స్లెడ్జి అడుగుభాగం వెడల్పుగా, నున్నగా ఉండటంతో బరువు పరుచుకుని సులువుగా జారుతుంది. చిక్కంతా దిగేటప్పుడే: వెనక నుంచి వచ్చి కాళ్లను తోసేస్తుంది! అడుగున తాడు ముడులు వేస్తే అవే బ్రేకులు.

1911 డిసెంబర్ 14న నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ బృందం దక్షిణ ధ్రువం చేరింది కుక్కలు లాగిన స్లెడ్జిలతోనే. లద్దాఖ్‌లో గడ్డకట్టిన జన్‌స్కార్ నది మీద స్థానికులు ఇప్పటికీ సామాను వీటి మీదే లాగుతారు.

మన హార్స్‌లీ హిల్స్‌లో పొగమంచే తప్ప హిమం పడదు. స్లెడ్జి ఎక్కాలనుంటే చలికాలంలో గుల్‌మార్గ్ వెళ్లండి. ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి, పిల్లలకు గ్లౌజులు మరవకండి.