డాబా మీద ఎండ... పిండిమరకు కరెంటు!

ఇంటిముందు గదిలో పిండిమర పెట్టుకున్నారా? కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోందా? అయితే ఓసారి డాబా మీదికి చూడండి. వడియాలు ఎండబెట్టే ఆ ఎండే కరెంటూ ఇస్తుంది!

ఒక కిలోవాటు సోలార్ పలకలకు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా వస్తాయి. 5 కిలోవాట్లు పెడితే నెలకు 600 యూనిట్లన్నమాట. వానాకాలంలో తగ్గుతాయి. మే నెల ఎండకు బోలెడు వస్తుందనుకుంటాం కదూ? పలకలు మరీ వేడెక్కితే ఉత్పత్తి కాస్త తగ్గుతుంది. వాటికి కావలసింది వెలుగు, వేడి కాదు.

డబ్బు కట్టేముందు రెండు సంగతులు గుర్తుంచుకోండి. 2024లో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో కేంద్రం ఇచ్చే 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇళ్లకే, వ్యాపార కనెక్షనుకు రాదు. రెండోది, బ్యాటరీ లేని ప్లాంటు లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవారికి షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు.

దుమ్ము పడితే యూనిట్లు తగ్గుతాయి, పిండిమర ఉన్నచోట మరీనూ! పొద్దున్నే, పలకలు చల్లగా ఉన్నప్పుడే మెత్తని గుడ్డతో, నీళ్లతో తుడవండి. కాగిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే చిట్లే ప్రమాదముంది. రోజూ మీటరు అంకెను క్యాలెండరులో పాలలెక్క పక్కనే రాసుకోండి. హఠాత్తుగా తగ్గితే ఇట్టే తెలిసిపోతుంది మరి!