పాత కారు కొనేముందు, అమ్మిన తరువాత

మా తుమ్మలపల్లె వంటి మెట్ట పల్లెల్లో పంట డబ్బు చేతికి వచ్చిన ఏడాది చాలా ఇళ్లలో పాత కారు మాట వస్తుంది. తొందరపడవద్దు.

బండిని పగటి వెలుతురులో, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడండి. నమ్మకమైన మెకానిక్కును వెంట తీసికొని వెళ్లండి. ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్ నంబర్లను బండి మీది నంబర్లతో పోల్చండి. ఆర్.సి.లో ఫైనాన్సు సంస్థ పేరుంటే, బాకీ తీరినట్లు ఆ సంస్థ ఇచ్చే ఎన్.ఓ.సి., ఫారం 35 చూడకుండా రూపాయి ఇవ్వవద్దు.

అప్పు తెచ్చేవారు వడ్డీ లెక్క అడగండి. 2 లక్షలకు 12 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే 3 ఏండ్లలో 72,000 రూపాయల వడ్డీ, నెలకు సుమారు 7,556 రూపాయల కంతు. అసలు తగ్గుతున్నా వడ్డీ తగ్గదు గనుక, బ్యాంకు లెక్కలో అది సుమారు 21 శాతం. వాన మీద ఆధారపడిన ఇంటికి ఇది చిన్న బరువు కాదు.

అమ్మేవారు మరీ జాగ్రత్త. 2007లో ఒకాయన కారు అమ్మారు. అది చేతులు మారుతూ పోయింది గాని ఆర్.సి.లో పేరు మారలేదు. 2009లో ఆ కారు కింద పడి ఒకరు మరణించారు. నష్టపరిహారం ఆర్.సి.లో పేరున్న ఆ మొదటి యజమానే చెల్లించాలని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక అమ్మిన 14 రోజుల్లో ఫారం 29 ఆర్.టి.ఓ. ఆఫీసుకు చేర్చండి. కొన్నవారు 30 రోజుల్లో ఫారం 30 ఇవ్వాలి, ఇన్సూరెన్సూ తమ పేరుకు మార్చుకోవాలి.

చివరగా ఒక మాట. బండికి దెబ్బ తగిలి ఉంటే దాచవద్దు. కొనేవాడు కూడా అందులో తన పిల్లలనే ఎక్కించుకొంటాడు.