‘రెండుసార్లు తొక్కితే పడ్తది’ అనే బ్రేకు

ఊర్లల్ల సెకండ్ హ్యాండ్ కార్లు బాగ పెరిగినయి. కొననీకె పోయినోళ్లు బానెట్ లేపి ఇంజన్ సప్పుడు ఇంటరు, ఏసీ ఏసి చూస్తరు, టైర్లు కాలుతోని తన్ని చూస్తరు. బ్రేకు మెత్తగుంది ఏందన్నా అని అడిగితే అమ్మేటోడు చెప్పేది ఒక్కటే మాట: “ఏం కాదు తమ్మీ, రెండుసార్లు తొక్కితే మంచిగ పడ్తది.”

నేను మండల కేంద్రంల కార్ల షెడ్డు నడుపుత. ఈ మాట ఇన్నప్పుడల్లా నాకు భయమే. 60 స్పీడ్ల పోయే బండి ఒక్క సెకన్ల దగ్గర దగ్గర 17 మీటర్లు ఉరుకుతది. మూల మలుపుకాడ బర్రె అడ్డమొస్తే రెండోసారి తొక్కేదాక అది ఆగుతదా? ఏసీ సల్లగ రాకుంటే తెల్లారే షెడ్డుకు వస్తరు. బ్రేకు మెత్తగైతే మాత్రం కాలికి అలవాటు చేసుకొని ఆర్నెల్లు తిరుగుతరు.

పెడల్ స్పాంజి లెక్క ఎందుకైతదో ముందు తెల్వాలె. మన కాలు బలం చక్రం దాక పోయేది ఇనుప రాడ్డుతోని కాదు, సన్న పైపులల్ల ఉన్న బ్రేక్ ఆయిల్‌తోని. ద్రవాన్ని ఎంత ఒత్తినా నలగది, అందుకే ఒత్తిన ఒత్తుడు నేరుగ చక్రం కాడికి పోతది. గాలి అట్ల కాదు. సైకిల్ పంపు మూతికి వేలు అడ్డంపెట్టి ఒత్తి చూడుర్రి, లోపటికి దిగుతది, మళ్ల పైకి తంతది. బ్రేక్ లైన్ల చిన్న బుడగ ఉన్నా గిదే కథ. మీ కాలు బలం బుడగను నలపనీకె ఖర్చయితది.

గాలి ఊకెనే రాదు. డబ్బల ఆయిల్ అడుగంటితే వస్తది, లేకుంటే పైపు ఇప్పి పనిచేసినోడు గాలి తియ్యకుండ ఇచ్చి ఉంటడు. ఇంకోటి, చానమంది ఎరుగనిది, నీళ్లు. ఆయిల్ అంటం గని ఇప్పటి కార్లల్ల బ్రేక్ ఆయిల్ ఎక్కువ గ్లైకాల్ రకం. అది గాల్లె తేమను మెల్లమెల్లగ గుంజుకుంటది. డాట్ 4 కొత్తగున్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాక మరగొద్దని లెక్క. తేమ పట్టినంక ఆ లెక్క 155 డిగ్రీలకు పడిపోతది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి.

దీని ఎఫెక్టు ఊర్ల కనబడది, ఘాట్ల కనబడ్తది. హైదరాబాద్ దిక్కు నుంచి శ్రీశైలం పోతే ఈగలపెంట దాటినంక డ్యామ్ దిక్కు మలుపు మీద మలుపు దిగాలె. నిండ మందిని ఎక్కించుకొని, కింది దాక బ్రేకు మీదనే కాలువెట్టి దిగితే డిస్కులు కాగుతయి, పాత ఆయిల్ మరిగి ఆవిరైతది. ఆవిరి గూడ గాలి లెక్కనే నలుగుతది, పెడల్ అడుగుకు దిగుతది. బండి సల్లారినంక బ్రేకు మళ్ల పడ్తది కాబట్టి “ఏం కాలే” అనుకుంటరు. దిగేటప్పుడు సెకండ్ గేర్ల, అవసరమైతే ఫస్ట్ గేర్ల దిగుర్రి. పెట్రోల్ మిగుల్తదని న్యూట్రల్ కొట్టేటోళ్లకైతే నేను దండం పెడ్త.

బండి నిలబెట్టి రోగం ఎట్ల పట్టాలె అంటే, ముందుగాల పెడల్‌ను గబగబ మూడు నాలుగుసార్లు తొక్కుర్రి. తొక్కంగ తొక్కంగ గట్టిపడితే లైన్ల గాలి ఉండొచ్చు, లేకుంటే ఎన్క డ్రమ్ముల షూలు అరిగి అడ్జస్ట్‌మెంట్ తప్పి ఉండొచ్చు. తర్వాత కాలు ఒక్కతీరుగ ఒత్తిపట్టుర్రి. పెడల్ మెల్లగ కిందికి జారుతుంటే ఆయిల్ ఎక్కడ్నో కారుతున్నట్టు, లేకుంటే మాస్టర్ సిలిండర్ లోపట రబ్బర్లు పోయినట్టు. చక్రాల లోపలి దిక్కు తడి ఉన్నదా చూడుర్రి. ఇంకొకర్ని తొక్కమని ముంగటి రబ్బరు పైపులు చూడుర్రి, పాతబడ్డది బుగ్గ లెక్క ఉబ్బుతది. ఇంజన్ స్టార్ట్ చేయంగనే పెడల్ కొంచెం దిగుతది, అది రోగం కాదు, బూస్టర్ పని. పెడల్ రాయి లెక్క గట్టిగుంటే బూస్టర్‌నో దాని వ్యాక్యూమ్ పైపునో చూడాలె, అది వేరే కథ.

గాలి తీసుడు ఇద్దరి పని. కారణం దొరకబట్టి బాగుచేసినంకనే మొదలువెట్టాలె, కారే లైన్ల గాలి ఎంత తీసినా మళ్ల వస్తది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టుర్రి. మాస్టర్ సిలిండర్‌కు దూరమున్న చక్రం నుంచి షురూ చేస్తరు, మన కార్లల్ల మామూలుగ ఎన్క ఎడమది. కొన్ని బండ్లకు వరుస వేరే ఉంటది, బండి పుస్తకంల చూసుకోవాలె. నిప్పల్‌కు పారదర్శకంగ ఉన్న సన్నటి పైపు తొడిగి, రెండో కొసను కొంచెం కొత్త ఆయిల్ పోసిన సీసల ముంచుర్రి. లోపలున్నోడు తొక్కి పట్టాలె, బయటున్నోడు రింగ్ పానాతోని నిప్పల్ ఇప్పాలె, బుడగలు పోయినంక బిగించాలె, గప్పుడే లోపలోడు కాలు తియ్యాలె. ముందే తీస్తే పోయిన గాలి తిరిగి లోపటికి గుంజుకుంటది. పాత బండైతే పెడల్ కింద ఓ చెక్కముక్క పెట్టుర్రి. ఎన్నడూ పోని లోతుకు తొక్కితే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు అక్కడి తుప్పుకు గీసుకపోతయి. డబ్బ మాత్రం ఎప్పుడు ఖాళీ కావొద్దు. అయిందంటే పని మొదటికొస్తది.

ఎన్ని తొక్కులు తొక్కినా గట్టిపడకుంటే క్యాలిపర్లు చూడుర్రి. పని చేసినోడు ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగిస్తే నిప్పల్ కింది దిక్కుకు వస్తది. గాలి పైన ఉంటది, మీరు కింద తీస్తుంటరు. ఏబీఎస్ యూనిట్ల గాలి జొర్రితే చాన బండ్లకు స్కానర్ కావాలె, అది ఇంటికాడ అయ్యే పని కాదు.

బ్రేక్ డబ్బల ఇంజన్ ఆయిల్ పొయ్యొద్దు. రబ్బర్లన్నీ ఉబ్బి ఖరాబైతయి, లైన్ మొత్తం ఇప్పాల్సొస్తది. మూత మీద రాసున్న డాట్ నంబరే కొనుర్రి, సీల్ తీసి ఏడాది పెట్టిన సీస వాడొద్దు. రెండేండ్లకోసారి మొత్తం మార్చాలె. పెయింట్ మీద పడితే ఎంటనే నీళ్లతోని కడగాలె.

పని అయినంక నిప్పల్స్ బిగువు, తడి ఇంకోసారి చూసుకొని, మంది లేని జాగల 10, 20 స్పీడ్ల ఆపి చూడుర్రి. ఒక్కసారి తొక్కంగనే పైననే గట్టిగ ఆగాలె. ఆగకుంటే బండిని రోడ్డెక్కించకుర్రి.