వరిగడ్డిపై పుట్టగొడుగుల పెంపకము

వరికోతలు ముగిసిన పిమ్మట పశువులకు వలసిన గడ్డి వాములకు చేరును. యంత్రముతో కోసిన చేలలో మిగిలినదానిని పెక్కుచోట్ల తగులబెట్టుచున్నారు. ఆ గడ్డిపై పుట్టగొడుగులను పెంచవచ్చునని పంచాయతీ సభ్యులకు మనవి చేయుచున్నాము. ఇది నిన్నటి మాట కాదు. 1943లోనే కోయంబత్తూరులో వీనిని వరిగడ్డిపై పెంచి చూపిరి.

పుట్టగొడుగు మొక్కవలె ఎండనుండి ఆహారము చేసికొనలేదు. గడ్డిలోని పీచును కరగించుకొని బ్రదుకును. కావున దీనికి పొలముతో పనిలేదు, నీడగల గది చాలును.

ముత్యపుచిప్ప రకము క్రొత్తవారికి సులభము. వానకు తడవని క్రొత్త గడ్డిని రెండంగుళముల ముక్కలుగా నరికి, రాత్రి నానవేసి, 80 డిగ్రీల వేడినీటిలో సుమారు ఒక గంట ఉంచవలెను. ఇచ్చట తొందర పనికిరాదు. గడ్డిలో దాగియున్న పచ్చబూజు చావనిచో, అదియే ముందు పెరిగి సంచినంతను చెరచును. నీరు వార్చి ఆరబెట్టిన గడ్డిని పిడికిట పిండినప్పుడు చుక్క రాలక, అరచేయి మాత్రమే తడియవలెను. పిమ్మట పాలిథిన్ సంచిలో ఒక పొర గడ్డి, ఒక వరుస విత్తనము చొప్పున నింపి, చిన్న రంధ్రములు చేయవలెను. ఈ విత్తనమనగా జొన్నగింజలపై పెంచిన తెల్లని బూజే. చీకటి గదిలో పదునైదు, ఇరువది దినములకు సంచి తెల్లబడును. అప్పుడు సంచిని చీల్చి, గాలి, కొంత వెలుతురు తగులనిచ్చి, నీరు చిలుకరించుచుండవలెను. కిలో ఎండుగడ్డికి, మూడు కోతలలో, అరకిలో అయినను రాగలదు.

ముత్యపుచిప్పకు 20 మొదలు 30 డిగ్రీల వేడిమి తగును. మన వేసవిలో దీనిని పెంచబూనుట నష్టము. అప్పుడు పాల పుట్టగొడుగు మేలు.

అమ్మకమే అసలు చిక్కు. కోసిన ముత్యపుచిప్ప మరునాటికే వాడును. చేవెళ్ల, మొయినాబాదు దారిలోని గ్రామములకు టోలిచౌకి, మెహదీపట్నం రైతుబజారు దగ్గర. దూరపు గ్రామములవారు ఎండబెట్టి అమ్ముట మంచిది. పంచాయతీలు మొదటనే షెడ్డు కట్టించుట మాకు సమ్మతము కాదు. ఖాళీ గది ఒకటి, పది సంచులు మహిళాసంఘమునకు సమకూర్చి, కొనువారిని కుదుర్చుకొన్న పిమ్మట పెంచవలెను. శిక్షణకు, విత్తనమునకు సమీప కృషి విజ్ఞాన కేంద్రమును గాని, 1964లో రాజేంద్రనగరున వెలసిన వ్యవసాయ విశ్వవిద్యాలయమును గాని విచారింపవలెను.

అంచులు పైకి మడతపడకముందే కోయవలెను. ఆలస్యమైనచో రాలు సన్నని పొడి కొందరికి దగ్గు, ఆయాసము తెచ్చును. గదిలో పనిచేయువారు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. వాడిన గడ్డి ఎరువుగుంటకు పనికివచ్చును.